ఆపడానికి ఒక్కరు చాలు, నడపడానికి అందరూ ఒప్పుకోవాలి



పల్లెల్లో పెరిగిన మీకు ఈ దృశ్యం కొత్త కాదు. కరెంటు పోయి గంట దాటింది. పొలాల్లో కప్పల బెకబెకలు తప్ప వేరే చప్పుడు లేదు. ఉన్నట్టుండి స్తంభం మీది దీపం వెలిగింది. మరుక్షణమే నలుదిక్కులా మోటార్లు గుర్రుమన్నాయి. ఏ రైతూ బావి దగ్గరకు వెళ్ళలేదు. ఎవరూ మీట నొక్కలేదు. అయినా ఆ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేచాయి. దీపం ఎర్రబడింది, మిణుకుమిణుకుమంది. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె దగ్గర 'టప్'మని ఒక శబ్దం. ఫ్యూజు పోయింది! పొలాలు మళ్ళీ చీకటిలో మునిగాయి.

సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ వైపు పొలాల్లో నేనిది చూసినప్పుడు, పక్కన గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన నవ్వాడు. "అందరియి ఒక్కసారే అందుకున్నయి బిడ్డా! ఇగ ఫ్యూజు ఆగుతదా?" అన్నాడు.

ఆయన ఇంజనీరింగు చదివినవాడు కాడు. కాని ఆ మాటలో ఇంజనీర్లు తల పట్టుకునే ఒక పెద్ద ప్రశ్న ఉంది. అనేక మోటార్లకు ఒకే ఆజ్ఞ ఇవ్వవలసి వస్తే, దాన్ని ప్రమాదం లేకుండా ఎలా ఇవ్వాలి? ఈ ప్రశ్న పొలంలో ఉంది, మిర్యాలగూడ బియ్యం మిల్లులో ఉంది, పట్టణాలకు నీరు తోడే పంపుల గదిలోనూ ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆపే ఆజ్ఞ ఉమ్మడిగా ఉండాలి. ఎవరు ఒక్కరు ఇచ్చినా అన్నీ ఆగాలి. నడిపే ఆజ్ఞ అలా ఉండకూడదు. ప్రతి యంత్రం దగ్గరా అంతా క్షేమమని తేలిన తరువాతే, ఒకదాని వెనుక ఒకటిగా నడవాలి. మన పొలాల్లో చాలాచోట్ల దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతోంది. అది మారాలని అంటున్నాను. ఎందుకో చూద్దాం.

మీట నొక్కనిదే మోటారు తిరగడమేమిటి?

బావి దగ్గరి స్టార్టరు డబ్బాలో ఒక తీగచుట్ట ఉంటుంది. ఆకుపచ్చ మీట నొక్కితే ఆ చుట్టలో కరెంటు ప్రవహించి అది అయస్కాంతమవుతుంది. అయస్కాంతం ఒక ఇనుప ముక్కను లాగుతుంది. దానితోపాటు మూడు ఫేజుల కాంటాక్టులు మూసుకుని మోటారు నడుస్తుంది. మరి మీట మీద నుండి వేలు తీసినా మోటారు ఎందుకు ఆగదు? ఆ కదలికతోనే మరొక చిన్న కాంటాక్టు కూడా మూసుకుంటుంది. చుట్టకు కరెంటు ఇకపై ఆ దారిన అందుతుంది. అంటే స్టార్టరు తనను తానే పట్టుకుని నిలబడుతుంది.

ఇప్పుడు కరెంటు పోయిందనుకోండి. చుట్ట అయస్కాంతత్వం కోల్పోతుంది. కాంటాక్టులన్నీ విడిపోతాయి. కరెంటు తిరిగి వచ్చినా మోటారు నడవదు. మనిషి వచ్చి మీట నొక్కాలి. చూడడానికి ఇదొక అసౌకర్యంగా కనబడుతుంది. నిజానికి అది స్టార్టరును తయారుచేసినవారు కావాలని పెట్టిన రక్షణ. ఎవరైనా మోటారు మీద చేయివేసి ఉన్నప్పుడు కరెంటు వచ్చినా వారికేమీ కాకూడదని పెట్టిన ఏర్పాటది.

ఆటో స్టార్టరు ఈ రక్షణను తీసేస్తుంది. మూడు ఫేజులూ వచ్చాయని చూసుకుని, తానే మీట నొక్కినట్టు మోటారును నడిపిస్తుంది. ఒక బావికి ఒక ఆటో స్టార్టరు ఉంటే అది ఆ రైతు సంగతి. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద అందరికీ అవే ఉంటే, తిరిగి వచ్చిన కరెంటే అందరి మోటార్లకూ ఒకే 'నడువు' ఆజ్ఞ అయి కూర్చుంటుంది. ఆ ఆజ్ఞ ఇచ్చినవారు ఎవరు? ఎక్కడో సబ్‌స్టేషనులో లైను కలిపిన ఉద్యోగి. ఏ బావిలో ఎవరు దిగి ఉన్నారో, ఏ మోటారు మూత విప్పి ఉందో అతనికి ఏం తెలుస్తుంది?

కొంచెం లెక్క వేద్దాం

పెద్దాయన చెప్పిన మాటను అంకెల్లో చూద్దాం. 5 హార్స్‌పవరు మోటారు మామూలుగా నడిచేటప్పుడు ఫేజుకు సుమారు 7 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. కాని ఆగి ఉన్న మోటారు కదలడం మొదలుపెట్టే కొద్ది సెకన్లలో దానికి దాదాపు ఆరు రెట్లు కావాలి. అంటే 42 ఆంపియర్లు.

మన పొలాల్లో కనిపించే 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు నిలకడగా ఇవ్వగలిగింది ఫేజుకు సుమారు 33 ఆంపియర్లు. దాని కింద నాలుగు మోటార్లు నడుస్తుంటే 28 ఆంపియర్లు. భేషుగ్గా సరిపోతుంది. నాలుగూ ఒక్కసారే లేస్తే? నాలుగు నలభైరెండ్లు 168 ఆంపియర్లు. ఇవ్వగలిగినదానికి అయిదు రెట్లు!

అదే నాలుగు మోటార్లను ఒకదాని తరువాత ఒకటి నడిపి చూడండి. అన్నిటికన్నా ఎక్కువ భారం నాలుగోది లేచేటప్పుడు పడుతుంది. అప్పటికే నడుస్తున్న మూడింటికి 21, లేస్తున్న దానికి 42, మొత్తం 63 ఆంపియర్లు. అదీ కొద్ది సెకన్లే. ఆ మాత్రం భారాన్ని ట్రాన్స్‌ఫార్మరు ఓర్చుకుంటుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. అందరూ ఒక్కసారి లాగితే వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి సగమైతే మోటారు తిప్పే బలం సగం కాదు, నాలుగో వంతుకు దిగుతుంది. ఆ బలంతో నీటి బరువును ఎత్తలేక మోటారు మూలుగుతూ నిలబడుతుంది. నిలబడినంతసేపూ ఎక్కువ కరెంటు తాగుతూనే ఉంటుంది. చివరకు చుట్టలు కాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతే దాన్ని బాగుచేసి తెచ్చేవరకు దాని కింది పొలాలన్నీ ఎండవలసిందే. తొందరపడినవారిదీ ఎండుతుంది, ఓపికపట్టినవారిదీ ఎండుతుంది.

రైతును తప్పు పట్టవచ్చునా?

ఆటో స్టార్టరు పెట్టుకున్న రైతును సోమరి అంటే నేను ఒప్పుకోను. కరెంటు కొన్ని గంటలే, అదీ విడతలుగా వచ్చిన రోజులను గుర్తుచేసుకోండి. అర్ధరాత్రి ఏ రెండు గంటలకో మూడు ఫేజులు వచ్చేవి. మీట నొక్కడానికి చీకట్లో గట్ల వెంట నడిచి వెళ్ళాలి. కాలి కింద పామో తేలో ఉండవచ్చు. తడి నేల మీద నిలబడి ఇనుప డబ్బా తెరవాలి. ఇంట్లో పడుకున్న రైతు ప్రాణానికి ఆటో స్టార్టరు ఒక రకంగా రక్షణే అయింది. ఆ రోజుల్లో దాన్ని వద్దనడం తేలిక కాదు.

2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. ఆ సమయంలోనే ఆటో స్టార్టర్లను తొలగించవలసిందని ప్రభుత్వం రైతులను కోరింది. మోటార్లు అవసరం లేకపోయినా తిరుగుతూ భూగర్భ జలాన్ని తోడేస్తాయన్నది అందుకు ముఖ్య కారణం. ఆ మాట నిజమే. కాని నా దృష్టిలో మరొక కారణం అంతకన్నా పెద్దది. మనిషి ఎదుట లేకుండా లేచే మోటారు మనిషికి శత్రువు అవుతుంది. పంపు పట్టీ సరిచేస్తున్న చేతిని, తీగ అతుకుతున్న వేలిని అది చూడలేదు.

"అయితే సగం రాత్రి మళ్ళీ బావి దగ్గరకు వెళ్ళాలా?" అని అడిగే రైతుకు మనం జవాబు చెప్పగలగాలి. ఆటో స్టార్టరు ఉంచుకోక తప్పదనుకుంటే, అందులో ఆలస్యాన్ని అమర్చే వీలున్నవి ఉన్నాయి. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులు కూర్చుని, నీది ఒక నిమిషం తరువాత, నాది రెండు నిమిషాల తరువాత అని పంచుకుంటే ట్రాన్స్‌ఫార్మరు బతుకుతుంది. అయితే దీనితో తీరేది ట్రాన్స్‌ఫార్మరు కష్టమే. మోటారు దగ్గర ఉన్న మనిషి కష్టం దీనితో తీరదు. దాని సంగతి తెలియాలంటే ఒకసారి మిల్లులోకి వెళ్ళాలి. అక్కడ మోటార్లు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి, మనుషులు వాటి నడుమనే తిరుగుతారు.

మిల్లులో మోటార్ల బారు

పెన్‌పహాడ్, సూర్యాపేట, కోదాడ ప్రాంతాల్లో పండే వడ్లలో చాలా భాగం బియ్యం మిల్లులకు చేరుతుంది. ఆ మిల్లులకు పేరుపడ్డ పట్టణం మిర్యాలగూడ. పెద్ద మిల్లులో ఒక్క మోటారు ఉండదు. వడ్లలోని మట్టి, గడ్డి వేరుచేసే జల్లెడకు ఒకటి, పొట్టు తీసే యంత్రానికి ఒకటి, ఊకను ఊదే పంకాకు ఒకటి, తవుడు తీసి బియ్యాన్ని తెల్లబరిచే యంత్రానికి ఒకటి, వీటి నడుమ గింజను పైకెత్తే బకెట్ల ఎలివేటర్లకు ఒక్కొక్కటి. వడ్లు ఒకదాని నుండి మరొకదానికి ఏరులా పారుతూ ఉంటాయి.

ఈ బారును నడపడానికి ఒక క్రమం ఉంది. మొదట ఏది నడవాలి? వడ్లు పోసే మొదటి యంత్రమని మీరనుకోవచ్చు. కాదు! బియ్యం బయటకు వచ్చే చివరి యంత్రం ముందు నడవాలి. తరువాత దాని వెనుకది. అలా వెనక్కి వస్తూ అన్నిటికన్నా చివర వడ్లు పోసే యంత్రం నడవాలి. ముందు దారి తెరవకుండా గింజను తోస్తే అది ఎలివేటరు అడుగున పేరుకుని గొంతు పూడుస్తుంది. మామూలుగా ఆపేటప్పుడు దీనికి తలకిందులు. వడ్లు పోయడం ముందు ఆపి, లోపలి గింజ అంతా బయటపడ్డాక చివరి యంత్రాన్ని ఆపాలి.

నడుమ ఒక యంత్రం తనంతట తాను ఆగిపోతే? దానికి గింజ అందించే వెనుక యంత్రాలన్నీ వెంటనే ఆగాలి. ఇక ఎవరి చేయో, పంచె కొసో పట్టీలో పడితే? అప్పుడు క్రమం గురించి ఆలోచించే సమయం లేదు. ఎవరు అందుకోగలిగితే వారు ఎర్ర మీట గుద్దాలి. అన్నీ ఒక్కసారే ఆగిపోవాలి. పసుపు రంగు పలక మీద పుట్టగొడుగులా ఉబ్బి ఉండే ఎర్ర మీటను మీరు చూసే ఉంటారు. అరచేత్తో గుద్దితే లోపలికి పోయి అక్కడే ఇరుక్కుంటుంది. దాన్ని తిప్పి విడిపించాలి. విడిపించినంత మాత్రాన యంత్రాలు నడవకూడదు. ఎవరైనా చుట్టూ చూసి, మళ్ళీ నడిపే మీట నొక్కితేనే నడవాలి. ఇది ప్రపంచమంతటా యంత్ర నిర్మాతలు పాటించే నియమం.

ఇక్కడ మీ భౌతికశాస్త్ర పాఠాన్ని గుర్తుచేసుకోండి. శ్రేణి సంధానంలో స్విచ్‌లు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. అన్నీ మూసి ఉంటేనే కరెంటు పోతుంది. ఒక్కటి తెరిచినా ఆగిపోతుంది. అందుకే మిల్లులోని ఎర్ర మీటలన్నిటినీ శ్రేణిలో కలుపుతారు. మామూలుగా అవి మూసి ఉంటాయి, నొక్కితే తెరుచుకుంటాయి. పది మీటల్లో ఏ ఒక్కదాన్ని నొక్కినా దారి తెగుతుంది. ఆపడానికి ఒక్కరు చాలు, నడపడానికి అందరూ ఒప్పుకోవాలి అన్న మాట శ్రేణి సంధానమే చెబుతోంది.

ఎలుక కొరికితే ఏం కావాలి?

మరొక పద్ధతి ఎందుకు కాకూడదు? ఎర్ర మీట నొక్కితే దారి మూసుకుని 'ఆగు' అన్న సంకేతం వెళ్ళేటట్టు పెడితే? చూడడానికి అదే సహజంగా తోస్తుంది. కాని బియ్యం మిల్లులో ఎలుకలకు కొదువ ఉంటుందా? ఒక ఎలుక రాత్రివేళ ఆ తీగను కొరికేసిందనుకోండి. ఎవరికీ తెలియదు. యంత్రాలు నడుస్తూనే ఉంటాయి. అవసరమైన రోజున ఎర్ర మీట నొక్కుతారు. ఏమీ జరగదు.

మూసి ఉన్న మీటలను శ్రేణిలో పెట్టిన పద్ధతిలో ఎలుక తీగ కొరికిన క్షణానే మిల్లు ఆగుతుంది. ఎక్కడ తెగిందో వెదికి అతికి నడుపుకోవచ్చు. యజమానికి ఒక గంట పని పోతుంది, కూలివాని చేయి మిగులుతుంది.

ఈ తెలివి మానవజాతికి ఊరికే రాలేదు. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర విహారయాత్రకు పిల్లలతో బయలుదేరిన రైలు ఎత్తు ఎక్కలేక ఆగింది. సిబ్బంది రైలును రెండు ముక్కలు చేశారు. ఆ రైలు బ్రేకులు గొట్టంలో శూన్యాన్ని కల్పిస్తే పట్టుకునే రకం. ఇంజను నుండి విడదీయగానే వెనుక పెట్టెలకు ఆ బ్రేకు పోయింది. చేతి బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్ళు వాటిని ఆపలేకపోయాయి. పెట్టెలు పల్లానికి జారి, వెనుక వస్తున్న మరొక రైలును ఢీకొన్నాయి. సుమారు 80 మంది చనిపోయారు. వారిలో ఎంతోమంది పిల్లలు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల రైళ్ళకు మరొక రకం బ్రేకును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. అందులో గొట్టం తెగితే బ్రేకు దానంతట అదే పడుతుంది. అటువంటి గాలి బ్రేకును అమెరికాలో వెస్టింగ్‌హౌస్ 1872 నాటికే తయారుచేశాడు. అంటే ఉపాయం ముందే ఉంది, దాన్ని తప్పనిసరి చేయడానికి అంతమంది చావవలసి వచ్చింది.

మన రైళ్ళలో గొలుసు లాగితే జరిగేదీ ఇదే. బ్రేకు గొట్టంలోని గాలి బయటికి పోతుంది, బ్రేకు పడుతుంది. సంకేతం లేదంటే ఆగమని అర్థం. తీగ తెగినా, కరెంటు పోయినా, మీట ఊడిపోయినా యంత్రం ఆగిపోవాలి.

ఎలుక తీగను కొరికి ఊరుకోక, దాని లోపలి రాగిని యంత్రపు ఇనుప చట్రానికి తగిలించి పోయిందనుకోండి. చట్రం భూమికి కలిపి ఉంటుంది. కొన్ని ఏర్పాట్లలో మీట నొక్కడమంటే ఆ తీగను భూమి వైపు కలపడమే. అటువంటి చోట తీగ చట్రానికి తగిలితే, ఎవరో నడిపే మీట నొక్కారని మోటారు భ్రమపడి లేస్తుంది! మీటను ధన తీగ వైపు పెట్టి, రుణ తీగను భూమికి కలిపితే ఈ భ్రమ రాదు. చట్రానికి తగిలిన వెంటనే ఫ్యూజు పోతుంది, అంతా ఆగుతుంది. మంచి వైరింగు చేసేవాడు ఎలుక ఎక్కడెక్కడ కొరుకుతుందో ముందే ఊహించి, ఎలా కొరికినా మిల్లు ఆగేటట్టు తీగలు వేస్తాడు.

మీట ఒకటైనా తీగలు వేరు

ఇప్పుడు చాలా మిల్లుల్లో మామూలు స్టార్టర్ల బదులు డ్రైవులు వచ్చాయి. డ్రైవు అనేది ఒక ఎలక్ట్రానిక్ పెట్టె. మనకు వచ్చే 50 హెర్ట్జ్ కరెంటును ముందు ఏకముఖ విద్యుత్తుగా మార్చి, దాని నుండి మనకు కావలసిన పౌనఃపున్యం గల కరెంటును తిరిగి తయారుచేస్తుంది. దానితో మోటారు మెల్లగా లేస్తుంది, కావలసినంత వేగంతో తిరుగుతుంది. 'నడువు', 'ఆగు' వంటి ఆజ్ఞలు అందుకోవడానికి దానికి చిన్న చిన్న ద్వారాలుంటాయి. వాటి మీద ఉండేది సాధారణంగా 24 వోల్టులు. ఆ వోల్టేజిని చాలా డ్రైవులు తామే తయారుచేసుకుంటాయి.

నాలుగు డ్రైవులు, ఒక మీట. నాలుగింటి తీగలూ తెచ్చి ఆ ఒక్క మీటకే చుట్టేస్తే సరిపోదా? సరిపోదు. ఎందుకో మీరే చేసి చూడండి. దీనికి టార్చి బల్బులు, టార్చి సెల్లులు చాలు. ఇంటి కరెంటు జోలికి పోవద్దు.

రెండేసి సెల్లులు కలిపి రెండు బ్యాటరీలు చేయండి. వాటి రుణ ధ్రువాలు రెండింటినీ ఒక తీగతో కలపండి. మొదటి బ్యాటరీ ధన ధ్రువం నుండి మొదటి బల్బుకు, రెండో బ్యాటరీ ధన ధ్రువం నుండి రెండో బల్బుకు తీగలు వేయండి. రెండు బల్బుల రెండో కొసలను ఒకచోట కలిపి, అక్కడి నుండి ఒకే స్విచ్ ద్వారా రుణ తీగకు చేర్చండి. స్విచ్ వేస్తే రెండు బల్బులూ వెలుగుతాయి. తీస్తే ఆరుతాయి. బాగానే ఉంది కదా!

ఇప్పుడు స్విచ్ తీసే ఉంచి, రెండో బ్యాటరీని తొలగించండి. దాని స్థానంలో ఒక మామూలు తీగ పెట్టండి. కరెంటు లేని డ్రైవు ఇంచుమించు ఈ తీగలా ప్రవర్తించవచ్చు. ఏమయింది? స్విచ్ తీసి ఉన్నా బల్బులు రెండూ మసకగా వెలుగుతున్నాయి! మొదటి బ్యాటరీ కరెంటు మొదటి బల్బు గుండా వచ్చి, స్విచ్ దారి తెగి ఉండడంతో రెండో బల్బు గుండా వెనక్కి వెళ్ళి, ఆ తీగ వెంట రుణ ధ్రువానికి చేరుతోంది. ఇదొక దొంగదారి.

డ్రైవుల్లో ఈ దొంగదారి ఏర్పడితే పరిణామం చూడండి. ఒక డ్రైవును మరమ్మతుకని ఆర్పితే, మరొక డ్రైవుకు ఎవరూ నొక్కని 'నడువు' ఆజ్ఞ అందవచ్చు. అంతకన్నా ఘోరం, ఎర్ర మీట నొక్కి దారి తెంపినా ఆ డ్రైవుకు ఇంకా అనుమతి ఉన్నట్టే కనబడవచ్చు. మోటారు ఆగదు!

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. ఆ రెండు వలయాలను పూర్తిగా విడదీయండి. రుణ తీగలను కూడా కలపవద్దు. ఒక్కొక్క వలయానికి ఒక్కొక్క స్విచ్ పెట్టండి. రెండు స్విచ్‌ల మీద ఒక స్కేలు కట్టి, రెండూ ఒకేసారి నొక్కుకునేలా చేయండి. ఇప్పుడు ఒక బ్యాటరీని తీసి చూడండి. రెండో వలయానికి ఏ బాధా లేదు. మిల్లులో ఈ స్కేలు పని రిలే చేస్తుంది. మీట రిలే చుట్టకు మాత్రమే ఆజ్ఞ ఇస్తుంది. రిలేలో ఒకదానితో ఒకటి కలవని కాంటాక్టులు డ్రైవుకు ఒకటి చొప్పున ఉంటాయి. నొక్కే వేలు ఒకటి కావచ్చు, తీగలు మాత్రం ఎవరివి వారివే.

రిలే కాంటాక్టు ఎప్పుడైనా కరిగి అతుక్కుపోతే? అందుకే ప్రాణాలతో ముడిపడిన చోట రెండు రిలేలను శ్రేణిలో పెడతారు. ఒకటి అతుక్కున్నా రెండోది తెరుచుకుంటుంది. చాలా కొత్త డ్రైవుల్లో అత్యవసరంగా ఆపడానికి మామూలు 'ఆగు' ద్వారం కాక వేరే ద్వారం ఉంటుంది. దానికి వచ్చే వోల్టేజి పోగానే, లోపలి ఎలక్ట్రానిక్ మెదడు వినినా వినకపోయినా, మోటారును తిప్పే కరెంటు పుట్టడం ఆగిపోతుంది.

తాళం ఎవరి జేబులో?

ఎర్ర మీట నొక్కి ఉంది కదా అని డ్రైవు మూత తెరవడం, మోటారు తీగలు ముట్టుకోవడం చావును పిలవడమే. ఆ మీట మోటారును ఆపుతుంది గాని తీగల్లో విద్యుత్తును తీసేయదు. మెయిన్ ఆర్పిన తరువాత కూడా డ్రైవులోని కెపాసిటర్లలో విద్యుత్తు కొన్ని నిమిషాలు దాగి ఉంటుంది. పని తెలిసినవారు మెయిన్ ఆర్పి, డ్రైవు మీద రాసినంతసేపు ఆగి, మీటరుతో చూసుకుని గాని చేయి పెట్టరు.

మెయిన్ ఆర్పితే సరిపోతుందా? ఎలివేటరు గోతిలో మనిషి ఉన్నాడని తెలియక ఇంకొకరు వచ్చి మెయిన్ వేస్తే? దీనికి చాలా కర్మాగారాల్లో పాటించే ఒక పద్ధతి నాకెంతో నచ్చింది. గోతిలో దిగేవాడు మెయిన్ స్విచ్‌ను ఆర్పి దానికి తన తాళం వేస్తాడు. తాళం చెవి తన జేబులోనే ఉంటుంది. ముగ్గురు దిగితే మూడు తాళాలు. పని ముగిసి ముగ్గురూ బయటికి వచ్చి ఎవరి తాళం వారు తీస్తేనే మెయిన్ పడుతుంది. మేనేజరైనా, యజమానైనా ఆ తాళం తీయడానికి వీల్లేదు.

చూశారా! తీగల్లో చెప్పుకున్న శ్రేణి సంధానమే ఇక్కడ మనుషులతో కట్టారు. ఒక్క కూలివాని తాళం మిల్లునంతటినీ ఆపుతుంది. అందరూ ఒప్పుకుంటేనే మిల్లు నడుస్తుంది. ఒక మనిషి ప్రాణానికి ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

ఇక మనం చేయవలసినది

"ఇవన్నీ ఖర్చుతో కూడినవి, మనవంటి చిన్న మిల్లులకు, చిన్న రైతులకు ఎక్కడివి?" అనేవారున్నారు. రిలేకు, రెండు ఎర్ర మీటలకు, నాలుగు తాళాలకు అయ్యే ఖర్చును, ఒక మోటారు చుట్టించడానికి అయ్యే ఖర్చుతో పోల్చి చూడమనండి. పోయిన చేతితో పోల్చమని నేను అడగను, దానికి ధర లేదు.

"మా మెకానిక్కుకు పాతికేళ్ళ అనుభవం, ఎప్పుడూ ఏమీ కాలేదు" అనేవారూ ఉన్నారు. ఆర్మా రైలు సిబ్బందికీ ఆ ఉదయం వరకు ఏమీ కాలేదు. ఏమీ కానంతకాలం తప్పు వైరింగు, మంచి వైరింగు ఒకలాగే పనిచేస్తాయి. తేడా ఎలుక కొరికిన రోజున తెలుస్తుంది.

పొలం విషయంలో నేను కోరేది మూడు సంగతులు. ఆటో స్టార్టరు తీసేయగలిగినవారు తీసేయాలి. ఉంచుకున్నవారు ఒక్కొక్కరు ఒక్కొక్క ఆలస్యం పెట్టుకోవాలి. ఆటో స్టార్టరు ఉన్నా లేకున్నా, మోటారు మీద చేయి వేసేముందు మెయిన్ ఆర్పి, ఫ్యూజులు తీసి, తమ జేబులో వేసుకోవాలి. అదే రైతు తాళం. కరెంటు ఎప్పుడు వచ్చినా, ఎన్నిసార్లు వచ్చినా, ఫ్యూజు జేబులో ఉన్న మోటారు లేవదు. అయితే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఫ్యూజుల జోలికి మాత్రం ఎవరూ పోకూడదు, అది లైన్‌మన్ పని.

మీరు చేయగలిగింది కూడా ఉంది. స్టార్టరు డబ్బాను మీరు ముట్టుకోవద్దు, దూరం నుండే చూడండి. మీ బావి దగ్గర ఆటో స్టార్టరు ఉందా? మీ ట్రాన్స్‌ఫార్మరు కింద ఎన్ని మోటార్లున్నాయి? అవి ఎన్నేసి హార్స్‌పవర్లవి? పైన చెప్పిన లెక్కను మీ ట్రాన్స్‌ఫార్మరుకు వేసి, ఆ కాగితం నాన్నకో తాతకో చూపించండి. ఆ టార్చి బల్బుల ప్రయోగాన్ని మీ బడి వైజ్ఞానిక ప్రదర్శనలో పెట్టండి. స్విచ్ తీసినా వెలిగే బల్బును చూసి మీ ఊరి మెకానిక్కు కూడా ఒక నిమిషం ఆగి ఆలోచిస్తాడు.

రేపు మీలో ఎవరో ఒకరు మిల్లుకు తీగలు వేస్తారు, మరొకరు మిల్లు పెడతారు, ఇంకొకరు సబ్‌స్టేషనులో లైను కలుపుతారు. ఆనాడు నడిపే మీట మీద వేలు పెట్టేముందు, ఆ తీగకు అటు చివర ఎవరున్నారో ఒకసారి అడగండి.